మోహనకృష్ణ బెల్టు

“పెలికాన్ దిగింది.”

చీఫ్ జగన్నాధం ఆ రెండు మాటలూ అని టేబుల్ మీద ఒక ఫొటో పడేశాడు. శ్రీకాకుళంలో, పైకి భూముల సర్వే ఆఫీసులా కనిపించే ఆ గదిలో ఉన్నది ముగ్గురే. పెలికాన్ అని వీళ్ళు రహస్యంగా పేరు పెట్టిన ఆ ఫొటోలోని విదేశీయుడికి తెల్ల టోపీ, భుజాన పొడుగాటి లెన్స్ కెమెరా. పక్షుల్ని చూడ్డానికని ఏటా తేలినీలాపురం వస్తాడు. పక్షులు పిల్లల్ని చేసుకుని పోతాయి. వీడు మన రహస్యాలు పట్టుకుని పోతాడు.

“తీరం వెంబడి రాడార్ల కోడ్లన్నీ ఒక చిప్‌లోకి కాపీ అయ్యాయి. చేసిందెవరో తెలీదు. రేపు సాయంత్రం నాలుగింటికి కళింగపట్నం బీచ్‌లో అది పెలికాన్ చేతికి వస్తుంది. ఐదింటికి బోటు. వాడు బోటెక్కితే మన తీరం గుడ్డిదైపోయినట్టే. మోహనకృష్ణా, నువ్వు లీడ్. స్నానానికొచ్చినవాడిలా వాడి పక్కనే ఉండు.”

“ఎస్ సర్.”

“ఈశ్వరీ, నువ్వు బ్యాకప్. చేపలు ఎండబెట్టే మనిషివి.”

చేపలు! ఏజెంట్ ఈశ్వరికి ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళ సర్వీసులో ఆమెకి దక్కిన వేషాలు పూలమ్మి, వంటమనిషి, ఆస్పత్రి ఆయా. నాలుగేళ్ళ కిందట వచ్చిన మోహనకృష్ణ మాత్రం రిసార్ట్ ఓనరు, సినిమా ప్రొడ్యూసరు, వజ్రాల వ్యాపారి. నల్లద్దాలు పెట్టుకుని గదిలోకొస్తే చీఫ్ కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

అవన్నీ ఆమె ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది అతని బెల్టు. నల్ల నైలాన్, ఒకటిన్నర అంగుళం వెడల్పు, మెరిసే ఇనప బకిల్. “అమెరికా నుంచి తెప్పించా,” అంటాడు. లోడ్ చేసిన పిస్టల్ వేలాడుతున్నా అది జారదు, మెలిపడదు. ఈశ్వరికి స్టోర్సులో ఇచ్చిన తోలు బెల్టు మూడు నెలల చెమటకే మెత్తబడింది. కిందటి నెల ఫైరింగ్ రేంజిలో ఆమె పిస్టల్ లాగితే ఒర లాంటి హోల్‌స్టర్ కూడా ఊడి చేతిలోకొచ్చింది.

“ఈశ్వరిగారూ, శత్రువుకి పెట్టెతో సహా ప్రెజెంట్ చేస్తారా?” అన్నాడు మోహనకృష్ణ. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకింకా అరగలేదు.

అప్పట్నుంచి రోజూ అతని నడుమే చూస్తోంది. ఐదు వరసల కుట్టు. కొసన ఎర్ర దారం. బకిల్ మీద ఎడమవైపు ఒక గీత. గూఢచారుల్ని పట్టడానికిచ్చిన గుండీ కెమెరాతో పదిహేడు ఫొటోలు తీసింది, అన్నీ ఆ బెల్టువే. అది అచ్చమైన కుళ్ళని ఆమెకి తెలుసు.

మర్నాడు పొద్దున్నే విజయనగరం బస్సెక్కింది. మూడు లాంతర్ల కూడలి పక్క సందులో అసిరయ్య కొట్టుంది. కాలేజీ బ్యాగులు, లారీల పట్టీలు కుడతాడు.

“బరువైన పనిముట్టు ఒకటి నడుముకి వేలాడాల మావా. కిలో దాకా ఉంటాది.”

అసిరయ్య కొక్కేనికున్న మూడు నైలాన్ బెల్టులు దించాడు. మొదటిదానికి కిలో రాయి కట్టగానే పట్టీ సగానికి మడతపడింది. “ఒంటి పొర. బేగుకే పనికొస్తాది,” అని పక్కన పడేశాడు. రెండోది మరీ మందం, ఈశ్వరి తెచ్చిన హోల్‌స్టర్ కొక్కెంలో దూరలేదు. మూడోది రెండు పొరలు, మధ్యన గట్టి ప్లాస్టిక్ బద్ద. రాయి కట్టినా కదల్లేదు.

“ఎడల్పులో వొంగకూడదు, పొడుగులో వొంగాల. నడుం గుండ్రంగుంటాది గదా తల్లీ.”

“ఇదే తీసుకుంటాను. కానీ కుట్టు ఇలాగుండాల,” అని ఈశ్వరి ఫోన్లో ఫొటో చూపించింది.

అసిరయ్య కళ్ళద్దాలు పైకి తోశాడు. “ఇది నాను కుట్టిందే గదా! కొసన ఎర్రదారం నాదే.”

“అమెరికాది కాదా?”

“అమెరికా ఎటేపు తల్లీ? నాను బొబ్బిలి దాటి ఎల్నేదు.”

ఈశ్వరికి ప్రాణం లేచొచ్చింది. అంత ఆనందం ఆమెకి ప్రమోషన్ వచ్చిన రోజునా కలగలేదు. అసిరయ్య ఇంకా చెబుతూనే ఉన్నాడు.

“మొన్న లచ్చివారం ఆ బాబు మళ్ళీ వచ్చినాడు. ఎనకపక్క నాలుగంగుళాలు కుట్టిప్పి, రెండు పొరల మద్దిన సంచీలాగ సెయ్యమన్నాడు. అచ్చం అలాంటిదే ఇంకోటి కొత్తది కుట్టించుకున్నాడు. ఒక్క మనిసికి రెండేటికి?”

ఆమె నవ్వు ఆగిపోయింది. కొత్త బెల్టు బిగించుకుని సందు చివరికెళ్ళి చీఫ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పింది.

“పదిహేడు ఫొటోలా?” అన్నాడు జగన్నాధం. “ఇది నిఘా కాదమ్మా, కుళ్ళు.”

“కుళ్ళే సర్. కానీ—”

“నువ్వు పొరబడితే సోమవారం నుంచి రికార్డ్ రూమ్. చచ్చేదాకా ఫైళ్ళే. ఆలోచించుకో.”

బస్సులో ఆమె ఆలోచించింది. ఆ నాలుగంగుళాల ఖాళీలో చిప్పే ఉందో, తన కడుపుమంటే ఉందో ఆమెకే తెలియలేదు.

నాలుగున్నర. కళింగపట్నం ఇసుకలో ఈశ్వరి చేపలు తిరగేస్తోంది. చీర మాటున లంగా మీద కొత్త బెల్టు, దానికి పిస్టల్. చెవి దుద్దులో స్పీకరు, ముక్కుపుడకలో మైకు. ఒడ్డున ఆగిన ఐస్ వ్యాన్‌లో చీఫ్, మనవాళ్ళు. పక్కన చేపలు కోస్తున్న జగ్గమ్మ ఎగాదిగా చూసింది.

“కొత్తదానివేటే? నడుం కాడ అంత బిగిసిపోనావేటి?”

“నొప్పి అప్పా,” అంది ఈశ్వరి, అక్కని పిలిచినట్టు.

పెలికాన్, మోహనకృష్ణ అలల్లో ఉన్నారు. ఇద్దరి బట్టలూ బోర్లించిన పడవ మీదున్నాయి. పక్కనే చుట్టిపెట్టిన బెల్టులు. రెండు. అచ్చం ఒకేలా.

“సర్, రెండు బెల్టులు.”

“బెల్టులు అందరికీ ఉంటాయి ఈశ్వరీ.”

పెలికాన్ నీళ్ళలోంచి వచ్చి, ఫ్యాంటు తొడుక్కుని ఒక బెల్టు తీశాడు. బకిల్ మీద ఎడమవైపు గీత! ఆ గీత ఆమెకి నిద్రలో కూడా తెలుసు. దూరంగా ఇంజన్ బోటు ఒడ్డువైపు తిరిగింది.

ఈశ్వరి పరుగెత్తింది. మోహనకృష్ణ ఆమె కంటే వేగంగా వచ్చి పడవ మీదున్న తువ్వాలు మడతలో దాచిన తన పిస్టల్ కోసం చెయ్యి పెట్టాడు. ఆమె తన నడుం దగ్గర్నుంచి లాగింది. పిస్టల్ ఒక్కటే వచ్చింది. హోల్‌స్టర్ బెల్టుకే ఉండిపోయింది.

“ఇద్దరూ చేతులు పైకి!”

మోహనకృష్ణ చేతులెత్తి, ఆమె ముక్కుపుడకకేసి చూసి నవ్వాడు. “చీఫ్, వింటున్నారా? ఈవిడకి నా మీద కుళ్ళు. బెల్టులు తారుమారయ్యాయి, అంతే.”

దుద్దులో చీఫ్ గొంతు పలికింది. “ఈశ్వరీ, గన్ దించు.”

బోటు నడుంలోతు నీళ్ళదాకా వచ్చేసింది. గన్ దించితే వాడెక్కుతాడు. దించకపోతే రికార్డ్ రూమ్.

“అప్పా!” అని అరిచింది. “ఆ తెల్లోడి బెల్టు లాగి ఎనకపక్క కొయ్యి!”

జగ్గమ్మ ఒక్క క్షణం చూసింది. ఆడదాన్ని చూసి నవ్వుతున్న మగాడి వాలకం ఆమెకీ నచ్చినట్టు లేదు. కత్తి పట్టుకొచ్చి పెలికాన్ బెల్టు లాగి, చేప పొట్ట చీరినట్టు ఒక్క గీటు గీసింది. గోరంత నల్ల చిప్ ఇసుకలో పడింది.

“సర్, చిప్ దొరికింది,” అంది ఈశ్వరి.

ఐస్ వ్యాన్ తలుపులు తెరుచుకున్నాయి. మనవాళ్ళు దూకారు. బోటు వెనక్కి తిరిగి పారిపోయింది.

సంకెళ్ళతో వెళుతూ మోహనకృష్ణ ఆమె దగ్గర ఆగాడు. “ఎలా పట్టావు?”

“అమెరికాదన్నావు కాబట్టి. విజయనగరందని చెప్పి ఉంటే నీ నడుము వైపు చూసేదాన్నే కాదు.”

జగన్నాధం వ్యాన్ దిగి, ఆమె ముందుకొచ్చాడు. పిస్టల్ బరువుకి ఆయన తోలు బెల్టు ఒకపక్కకి జారిపోయి ఉంది. దాన్ని పైకి లాక్కుని, గొంతు సవరించుకున్నాడు.

“బెల్టు బాగుంది ఈశ్వరీ. ఎక్కడిది?”

ఈశ్వరి కొంగు సర్దుకుంది.

“అమెరికాది సర్.”