పగలగొట్టని కుండ

మ్యూజియంలో నా ఉద్యోగం కుండలు అతకడం. తవ్వకాల్లో దొరికిన పెంకుల్ని కడిగి, ఆరబెట్టి, ఏ ముక్క పక్కన ఏది కూర్చుంటుందో కనిపెట్టి, జిగురు పెట్టి, ఆరేదాకా ఇసుక పళ్లెంలో నిలబెట్టడం. ఇరవై ఏళ్లుగా ఇదే పని. అందుకే ఇక్కడ అందరూ నన్ను జిగురమ్మ అంటారు. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది.

నా గది భవనం అడుగున ఉంటుంది. కిటికీ లేదు. తడిమట్టి వాసన, జిగురు వాసన, ఒక సింకు, పొడుగాటి బల్ల. పైన జనం నడుస్తుంటే కప్పులోంచి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. సెలవు రోజున అదీ ఉండదు. నేను చెప్పబోయేది ఒక సెలవు రోజు మధ్యాహ్నం జరిగిన సంగతి.

అంతకు నెల ముందు, తవ్వకాలు చేయించే మాస్టారు ఒక సమాధి సామాను తెచ్చారు. వేల ఏళ్ల నాటిది. ఆ కాలపు మనుషులు ఎవరైనా పోతే, వాళ్లు నీళ్లు తాగిన కుండని సమాధి మీద పెట్టి రాయితో పగలగొట్టేవాళ్లట. ఇక ఈ ఇంట్లో నీకు నీళ్లు లేవు, వెళ్లిపో అని చెప్పడమన్నమాట. అందుకే నా బల్ల మీదికి ఎప్పుడూ పెంకులే వచ్చేవి. ఈసారి మాత్రం కుండ మొత్తంగా వచ్చింది. చిన్న బీట కూడా లేదు.

“ఇదేంటి మాస్టారూ, నా కడుపు కొట్టడానికా?” అన్నాను.

ఆయన నవ్వలేదు. “ఈ సమాధిలో ఉన్నావిడ పుర్రె వెనకవైపు చితికిపోయి ఉందమ్మా. ఎవరో చంపారు. అలా పోయినవాళ్ల కుండ పగలగొట్టరు. నీళ్లు నింపి పక్కన పెడతారు. ఆవిడ లేచి తాగుతుంది. ఆవిడ తాగినకొద్దీ చంపినవాడికి దాహం పెరుగుతుంది. ఇదిగో, సమాధి మూతరాయి మీద గీసి మరీ పెట్టారు.”

రాతి మీద కుండెత్తి తాగుతున్న ఆడమనిషి బొమ్మ. ఆవిడ ముందు నోళ్లు తెరుచుకుని, మోకాళ్ల మీద పడ్డ నాలుగు బొమ్మలు.

“చంపింది నలుగురా?”

“కాదులే, ఒక్కడే. పాకుతూ దగ్గరికొస్తున్నట్టు నాలుగుసార్లు గీశారు. పాతకాలం బొమ్మల్లో అది మామూలే.”

చదువుకున్న మనిషి చెప్పాడు కదా అని తలూపాను. నా మనసు అప్పటికే మా అక్క మీదికి పోయింది.

అక్క పోయి ఎనిమిది నెలలు. మెట్ల మీంచి జారి పడిందన్నాడు బావ. తల వెనక దెబ్బ. కబురు తెలిసి నేను వెళ్లేసరికే అంతా ముగించేశాడు. నాకు కడచూపు కూడా దక్కలేదు. ఫిర్యాదు చేస్తే సాక్ష్యం ఏదమ్మా అన్నారు పోలీసులు. ఇంటి బయట చెత్తలో అక్క బట్టలు, దువ్వెన, ఆమె నీళ్లు తాగే మట్టి కూజా తాలూకు పెంకులు కనిపించాయి. పెంకులు మాత్రం ఏరి కొంగులో మూట కట్టుకుని తెచ్చుకున్నాను. ముప్పై ఒక్క ముక్కలు.

అక్క కూతురికి ఆరేళ్లు. దాన్ని ఆ రోజే నా దగ్గర వదిలేసి, పీడా వదిలిందని చేతులు దులుపుకున్నాడు బావ. ఇప్పుడు మళ్లీ పెళ్లి కుదిరిందట. కన్నబిడ్డని గాలికొదిలేశాడని నలుగురూ అనుకుంటారని, వచ్చే సెలవు రోజున పిల్లని తీసుకుపోతానని ఫోన్ చేశాడు. చట్టం కూడా వాడి పక్షమే, కన్నతండ్రి కదా. ఆ మెట్లున్న ఇంటికి, ఆ చేతుల్లోకి నా పిల్లని ఎలా పంపను? చచ్చినా పంపను అనుకున్నాను.

ఆ పూటే కూజా అతకడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్లలో అంత శ్రద్ధగా దేన్నీ అతకలేదు. ప్రతి ముక్కకీ జిగురు పెడుతూ బావని తిట్టుకున్నాను. వాడి వంశాన్ని కూడా తిట్టుకున్నాను. ముప్పై ఒకటో ముక్క పెట్టాక ఎక్కడా సందు లేదు. సెలవు రోజు పొద్దున్నే అంచుదాకా నీళ్లు నింపి బల్ల మీద పెట్టాను. పిల్లకి పక్కనున్న సామాన్ల గదిలో బొమ్మలు వేసుకోమని రంగు పెన్సిళ్లు ఇచ్చి, బావని మ్యూజియానికే రమ్మన్నాను.

మూడింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన. కొత్త పెళ్లికొడుకు మరి.

“ఏం మరదలా, పాతాళంలో కాపురం పెట్టావే,” అన్నాడు. “పిల్లేది?”

“వస్తుందిలే. కూర్చో బావా.”

కూర్చున్నాడు. చొక్కా పైగుండీ విప్పుకున్నాడు. “ఉక్కగా ఉందేంటి... కాసిని మంచినీళ్లియ్యి.”

నా సీసాలోంచి గ్లాసులో పోసి ఇచ్చాను. గటగటా తాగాడు. మళ్లీ పోశాను. మళ్లీ తాగాడు. సీసా ఖాళీ అయింది. పెదాలు నాకుతూ నా వైపు చూశాడు.

అప్పుడు బల్ల మీద... కూజాలోంచి చప్పుడు.

గుటక్.

ఇద్దరం అటు చూశాం. అంచుదాకా ఉన్న నీళ్లు వేలెడు కిందికి దిగాయి. బయట ఎక్కడా తడి లేదు.

కరెంటు పోయింది.

చీకట్లో కుర్చీ పడిన చప్పుడు. తడుముకుంటూ సింకు దగ్గరికెళ్లి కొళాయి తిప్పాడు. నీళ్లు ధారగా పడుతున్నాయి. వాడు తాగుతున్నాడు... తాగుతూనే ఉన్నాడు... ఇటు కూజాలో గుటక పడినప్పుడల్లా అటు వాడు మూలుగుతున్నాడు. తడిమట్టి వాసన గదంతా కమ్ముకుంది. అక్క తలనూనె వాసన కూడా వచ్చిందేమో... అప్పుడు నిజంగా భయమేసింది.

కానీ జాలి కలగలేదు. దాచడమెందుకు, సంతోషమే కలిగింది.

దగ్గరికెళ్లి చెవిలో అడిగాను. “అక్కని తోశావా?”

“నీళ్లు...”

“తోశావా లేదా?”

“తోశాను... తోశాను తల్లీ... నీళ్లియ్యి...”

తర్వాత మాట లేదు. ఒళ్లు నేల మీద పడింది. కొళాయి అలాగే పారుతోంది. అయిపోయింది అక్కా, ఇక హాయిగా వెళ్లు, అనుకున్నాను. కళ్లు చెమర్చాయి.

గుటక్.

ఇంకా తాగుతోంది.

అక్కా అని పిలవబోయాను. నాలుక అంగిటికి అంటుకుపోయింది. గొంతులో ఇసుక పోసినట్టుంది.

ఇక్కడిదాకా మీ దగ్గర ఒక మాట దాచాను. పోవడానికి నెల ముందు అక్క సంచీ సర్దుకుని మా ఇంటికొచ్చింది. మెడ మీద కమిలిన మచ్చలు చూపించింది. “వాడు చంపేస్తాడే, నన్ను పంపకు,” అంది. ఏ ఇంట్లో లేవక్కా గొడవలు, పిల్ల కోసం సర్దుకుపో అన్నాను. టికెట్ కొని నేనే బస్సెక్కించాను. కిటికీలోంచి నన్ను చూస్తూనే ఉంది, నేను మాత్రం త్వరగా ఇంటికి వచ్చేశాను.

రాతి మీద ఉన్నది ఒక్కడు కాదు. మాస్టారు తప్పు చెప్పారు. నేనూ సరిగ్గా చూడలేదు. ఆ నలుగురిలో రెండో బొమ్మకి జడ ఉంది.

మోకాళ్ల మీద పాకుతూ సామాన్ల గది తలుపు దాకా వెళ్లాను. ఫోన్ లైటు వేశాను. పిల్ల గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. గౌను ముందంతా తడి. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆ గదిలో కొళాయి లేదు.

“ఎవరే... ఎవరిచ్చారే నీళ్లు?” గుసగుసగా అడిగాను. అంతకంటే గొంతు రాలేదు.

“అమ్మ తాగించింది,” అంది అది పెదాలు తుడుచుకుంటూ. “పిన్ని అడిగితే మాత్రం ఇవ్వొద్దంది.”

బావ ఒంట్లో చుక్క తడి లేదన్నారు డాక్టరు. నీళ్లలో తడిసి ముద్దయిన మనిషికి అదెలా సాధ్యమో ఆయనకీ అర్థం కాలేదు. పిల్ల నా దగ్గరే ఉండిపోయింది, ఇక అడిగేవాళ్లు లేరు. నేను రోజుకి రెండు బిందెలు తాగుతున్నాను, గొంతు తడవడం లేదు. ఇవాళ్టికి పదకొండు రోజులైంది. పిల్ల చక్కగా తింటోంది, ఆడుకుంటోంది, నవ్వుతోంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా మంచినీళ్లు అడగలేదు.