చప్పుడు లేని ఫ్యాన్

ఫ్యాన్లు బాగు చేసుడుల ఆరేండ్ల సర్వీసు నాది. చప్పుడు వింటే చాలు, బేరింగ్ పోయిందో రెక్క వంగిందో చెప్పేస్త. గట్లాంటి నన్ను కామాఠిపురాల ఒక పిల్ల పావుగంట సేపు పిచ్చోన్ని చేసింది.

మా దుకాణం ఫోరస్ రోడ్డు మీద. ఆ మధ్యాహ్నం మంగళమ్మ అనే ఆమె వచ్చి, "ఫ్యాన్ తిరగాలె బాబూ, కానీ చప్పుడు అస్సలు రావద్దు," అన్నది.

"జరంత వస్తది ఆంటీ."

"జరంత కూడా వద్దు."

ఏం నఖ్రాలో అనుకుంటూ సామాన్ల సంచి భుజానేసుకొని ఆమె వెంట పాత చాల్ బిల్డింగు మూడో అంతస్తు ఎక్కిన.

వాళ్ల ఒంటిగది ఖోలీల ఆమె బిడ్డ ప్రతీక్ష లాప్‌టాప్ ముందర కూసుంది. ఏదో ట్రావెల్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తదట. తలెత్తకుండనే "చెప్పులు బయట," అన్నది. నాతోని ఆమె మొదటి మాట అదే.

బేరింగులు మార్చిన, గ్రీజు పెట్టిన, స్విచ్ వేసిన. ఫ్యాన్ మెత్తగ తిరిగింది. కానీ ఎక్కడో టిక్, టిక్. బంద్ చేసిన. అయినా టిక్, టిక్.

"గోడకు గడియారం ఉందా?"

"మొబైల్ జమానాల గడియారం ఎవరు పెడతరు?" అన్నది.

ఫ్రిజ్ ప్లగ్ పీకిన. మీటర్ డబ్బాకు చెవి పెట్టిన. చప్పుడు పోలేదు. ఆమె లేచి నా పక్కకొచ్చి నిలబడ్డది.

"దొరికిందా దొంగ?"

"దొరుకుతది. నా చెవిని ఎవరూ తప్పించుకోలేరు."

"ముందు ఆ చెవులకు సర్వీసింగ్ చేయించు. ఆ చప్పుడు నాదే."

నవ్వుకుంటనే చెప్పింది. పుట్టుకతోనే గుండెల ఒక వాల్వ్ ఖరాబట. పన్నెండేండ్ల కింద ఆపరేషన్ చేసి మెటల్‌ది పెట్టిండ్రు. అది మూసుకున్నప్పుడల్లా గట్ల అంటది.

నా చేతుల స్క్రూడ్రైవర్ చేతులనే ఉండిపోయింది. పొద్దంతా మోటర్లతోనే బతికేటోన్ని నేను. ప్రతి మోటరుకు ఎప్పుడో ఒకప్పుడు స్విచ్ బంద్ చేస్తం. ఈ బక్క పిల్ల లోపల మాత్రం ఆ చిన్న తలుపు పన్నెండేండ్లుగా ఒక్క క్షణం ఆగలేదు. ఆమె చదువుకున్నప్పుడు, అలిగినప్పుడు, నన్ను తిట్టినప్పుడు కూడా కొట్టుకుంటనే ఉన్నది. దండం పెట్టాలనిపించింది నాకు.

"గట్ల చూడకు. నేనేం షోరూమ్‌ల పెట్టిన ఐటమ్ కాదు," అన్నది.

ఫ్యాన్‌కు చప్పుడు ఎందుకు వద్దో అప్పుడు సమజైంది. మంగళమ్మ రాత్రిళ్లు ఆ టిక్ టిక్ వింటదట. కునుకు పట్టినా చెవి మాత్రం బిడ్డ దిక్కే ఉంటదట. రక్తం గడ్డకట్టకుండ రోజూ ఒకే టైముకు గోళీ, నెలకోసారి రక్తం టెస్టు, ఆ గోళీ పని చెడకుండ కూరల పాలకూర ఎప్పుడూ ఒకే కొలత. ఆ ఇల్లంతా ఆ చప్పుడు చుట్టే నడుస్తది.

తర్వాత నేను సర్వీసింగ్ అని నాలుగుసార్లు పోయిన. నాలుగోసారి వాన దంచికొడుతుంది. ఖోలీ ముందటి గ్యాలరీల బట్టలు తీస్తూ ప్రతీక్ష అడిగింది, "శ్రీకాంత్, మా ఫ్యాన్‌కు ఏమైందని వచ్చినవ్?"

"ఫ్యాన్‌కు ఏం కాలేదు. నాకే అయింది."

నవ్వలేదు ఆమె. "రోజూ గోళీ వేసుకోవాలె నేను. పిల్లల్ని కనుడు కూడా డేంజరే అన్నది డాక్టర్. మంచిగున్న పిల్లను చూసుకో."

"నాకు నువ్వు కావాలె."

"జాలి పడుతున్నవా?"

"జాలి పడేటోడు ఇన్ని తిట్లు తింటడా?"

వాన చప్పుడుల కూడా దగ్గర నిలబడితే వినిపిస్తుంది. టిక్ టిక్ స్పీడైంది. "నీ నోరు వద్దంటుంది. లోపలిది వేరే చెప్తుంది," అన్న. తడి బట్టల మూట నా మొఖాన కొట్టి లోపలికి ఉరికింది.

ఆదివారం పెండ్లి మాట అడగనీకె మా అమ్మ చంద్రమ్మను తీసుకపోయిన. అమ్మకు అన్నీ ముందే చెప్పిన. ప్రతీక్ష నాయిన బాలనర్సయ్య బస్ డ్రైవర్, మెత్తటి మనిషి. అడ్డం పడ్డది మంగళమ్మనే.

"పన్నెండేండ్లు నేను విన్న. రేపు ఎవరు వింటరు?"

"నేను," అన్న.

"కండ్లు మూసుకో." మంగళమ్మ అందరినీ నోరు మూసుకోమన్నది. నేను కండ్లు మూసినంక ప్రతీక్ష వట్టి కాళ్లతో లేచిందట. "ఏడుంది చెప్పు?"

"కిటికీ కాడ."

"ఇప్పుడు?"

"గడప కాడ."

"ఇప్పుడు?"

"మీ వెనకాల. నవ్వు ఆపుకుంటుంది, అందుకే జల్ది కొట్టుకుంటుంది."

కండ్లు తెరిస్తే ప్రతీక్ష నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది. మంగళమ్మ లేచింది. గోళీల డబ్బా తెచ్చి నా ముందర పెట్టి, ఏది ఎప్పుడు వెయ్యాలె, ముక్కుల రక్తమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలె, అన్నీ రెండు రెండుసార్లు చెప్పింది. నాతోని తిరిగి చెప్పించుకున్నది. పోయి గోడకు ఆనుకొని కూసుంది.

ఇగ మాటలు మొదలైనయ్. అమ్మ పాలమూరు ముచ్చట్లు తీసింది. గ్యాలరీల పోరగాండ్లు క్రికెట్, పక్క ఖోలీల కుక్కర్ సీటీలు. ఆ గోలల నాకు కూడా ఆ టిక్ టిక్ వినరాలేదు. ముహూర్తం సంగతి అమ్మ ఎత్తంగనే బాలనర్సయ్య చెయ్యి అడ్డం పెట్టిండు.

మంగళమ్మ నిద్రపోయింది. తల ఒక పక్కకు వాలి, జర నోరు తెరుచుకొని, గాఢంగ నిద్రపోతుంది.

"బిడ్డ కన్నా ముందుగాల పండుకోంగ పన్నెండేండ్లల్ల నేను చూడలేదు," అన్నడు ఆయన. "లేపకుండ్రి. ముహూర్తం ఆమె లేచినంక మాట్లాడుకుందాం."

ప్రతీక్ష వచ్చి నా పక్కన కూసుంది. మంగళమ్మ లేచేసరికి దీపాలు పెట్టే టైమైంది. అప్పటిదాంక ఎవ్వరం కదలలేదు.