కాపర్ మాన్‌సూన్ వాయిదా

సలాహుద్దీన్ కనిపించకుండా పోయింది ఒక బుధవారం మధ్యాహ్నం.

బొంగులూరు దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోట, అతని సీక్రెట్ ఫోన్ ఆగిపోయింది. సర్వీస్ రోడ్డు పక్కన బైక్ స్టాండ్ వేసి ఉంది. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించి ఉంది. చుట్టూ కొత్త వెంచర్ల హద్దురాళ్లు తప్ప ఇంకేమీ లేవు.

రెండు రోజులకు అతని గొంతు దొరికింది.

హయత్‌నగర్‌లో ఆ కొరియర్ ఆఫీసుకు రెండు అంతస్తులు. కింద పార్సిళ్లు, పైన ఇంటెలిజెన్స్ యూనిట్. శుక్రవారం సాయంత్రం పరశురాంను పైకి పిలిచారు. యూనిట్ చీఫ్ సునంద తన ఫోన్‌ను బల్ల మీద పెట్టి ఒక ఆడియో వినిపించింది.

“నమస్తే, సలాం. ‘ఆడుకో భాయ్’ ప్రోగ్రాంకు వచ్చిన్రు, నేను మీ సల్లూ భాయ్. నిన్న కొత్త హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ అనౌన్స్ చేసిన్రు, చూసిన్రా? రేటు చూస్తె మా గల్లీ మొత్తం చందా వేసుకోవాలె. ఒక్కొక్క ఇంటికి వారానికొక రోజు.” మధ్యలో చాయ్ గుక్క చప్పుడు. “మన కాపర్ మాన్‌సూన్ సంగతేందని అడుగుతున్నరు గద. ఇంకేముంది, వాయిదా.”

సునంద ఆపింది.

“కన్సోల్ అనౌన్స్ అయింది గురువారం. బుధవారం మాయమైన మనిషి ఎట్ల చెప్పిండు?”

“బతికున్నడు మేడమ్.” పరశురాం నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

“బతికుండి మనకు ఫోన్ చెయ్యలె. దాని అర్థం నీకు నేను చెప్పాల్నా?”

ఆమె చెప్పనవసరం లేదు. ‘ఆడుకో భాయ్’ ప్రతి శుక్రవారం వచ్చే కార్యక్రమం. కొత్త ఫోన్లు, కొత్త గేములు, రాబోయే వాటి మీద పుకార్లు. మాట్లాడేది ఇద్దరు, సలాహుద్దీన్, యమున. ఒక విదేశీ ముఠా ఆ పుకార్లలో తన సంకేతాలు కలిపి పంపుతోంది. గేమింగ్ పుకార్లు ఎలాగూ నిజం కావు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దాని గుట్టు పట్టుకోవడానికే యూనిట్ సలాహుద్దీన్‌ను ఆ మైకు ముందు కూర్చోబెట్టింది.

అతని ఆఖరి రిపోర్టు చిన్నది. రాడార్ బోర్డులు తయారు చేసే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక మనిషిని ముఠా కొనేసింది. డిజైన్ మొత్తం ఎక్కించిన మెమరీ కార్డు అతని దగ్గరే ఉంది. సలాహుద్దీన్ ఆన్‌లైన్ గేముల్లో ఆ మనిషికి జోడీగా చేరి మనసు మార్చాడు. కార్డు ఎవరికీ ఇవ్వకుండా ఆపించాడు. ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి వాయిదా పడుతున్న కాపర్ మాన్‌సూన్ అనే గేము ‘వాయిదా’ అని సలాహుద్దీన్ చెప్పినంత కాలం కార్డు కదలదు. ‘వచ్చేసింది’ అన్న రోజు, వచ్చి అడిగిన వాళ్లకు ఇచ్చేయాలి. ఆ మాట యూనిట్ చెప్పమన్నప్పుడే చెప్పాలి. ఆ మనిషి పేరు మాత్రం ఎదురుగా కలిసినప్పుడు చెబుతానన్నాడు. కలవలేదు.

“ఇప్పుడు వీడు ముఠాకు అమ్ముడుపోయిండు. వచ్చే శుక్రవారం ‘వచ్చేసింది’ అంటడట,” అంది సునంద. “యమున సమాచారం ఇచ్చింది. ఇబ్రహీంపట్నంలో కొత్త గేమింగ్ కెఫే ఓపెనింగ్, ప్రోగ్రాం అక్కడి నుంచి లైవ్. ఆమె స్టేజీ మీద ఉంటది. వాడు బొంగులూరులో ఒక విల్లా నుంచి ఆన్‌లైన్‌లో మాట్లాడుతడు. టీం విల్లాకు పోతది.”

“యమునను నమ్ముతున్నరా?”

“మూడేండ్ల నుంచి మన జీతం తింటున్నది.”

“ఎవరెవరి జీతం తింటున్నదో ఆమెకే తెల్వాలె మేడమ్.”

సునంద నవ్వలేదు. “ఆ రోజు నువ్వు వాళ్లమ్మ ఇంట్ల ఉండు. ఏదో ఒకప్పుడు తల్లికి ఫోన్ చేస్తడు.” పవర్ బ్యాంక్‌లా కనిపించే రికార్డర్ ఒకటి ముందుకు జరిపింది. గదిలో వినిపించే ఏ శబ్దాన్నైనా పట్టి, ఫోన్ తెర మీద గీతలుగా చూపిస్తుంది.

“వాడు దొరికితే? ప్రాణంతోనేనా?”

“వీలైతే,” అంది సునంద.

పరశురాం, సలాహుద్దీన్ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయ్యారు. మెట్లు దిగుతూ అతను లెక్క తేల్చుకున్నాడు. బతికి ఉంటే ద్రోహి. ద్రోహి కాకపోతే బతికి లేడు. మూడో దారి లేదు. ఆ వారమంతా అతను మొదటిదే నిజం కావాలని కోరుకున్నాడు. ఆ సంగతి ఏ రిపోర్టులోనూ రాయలేదు.

*

రెండు రోజులకు రంజాన్ నెల, ఉపవాసాలు మొదలయ్యాయి. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజు ముగిసి మనుషులు ఇళ్లకు మళ్లుతుండగా, కొరియర్ చొక్కా వేసుకుని పరశురాం ఇబ్రహీంపట్నంలోని రసూల్ బీ ఇంటికి వెళ్లాడు. సలాహుద్దీన్ తల్లి వాకిట్లో చాట ముందేసుకుని పుదీనా తుంచుతోంది. కొడుకు పని మీద బెంగళూరు వెళ్లాడని ఆఫీసు ఆమెకు చెప్పింది.

“ఏంరా పరశురాం, పార్సిల్ తెచ్చినవా, ఉత్త చేతులేనా?”

“నిన్ను చూసిపోదామని వచ్చిన అమ్మీ.” అతను కూడా ఆమెను కొడుకు పిలిచినట్టే పిలుస్తాడు.

“చూసినవ్ గద. ఇగ కూసో.” లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది.

“మీరు రోజా ఉన్నరు. నాకెందుకు?”

“నేనుంటె నువ్వెందుకు ఎండాలె? తాగు.” మళ్లీ చాట ముందు కూర్చుంది. “వాడైతె జ్వరమొచ్చినా రోజా ఇడువలె. పోయిన రంజాన్ల ప్రోగ్రాంల చాయ్ సప్పుడు వస్తలేదని జనం ఒకటే ఫోన్లట. ‘భాయ్, చాయ్ బందైందా, డబ్బులు లేవా’ అని. వీడు నవ్వుడే నవ్వుడు.”

ఆమె తన మొబైల్‌ను నీళ్ల బిందెకు ఆనించి పెట్టింది. లైవ్ మొదలైంది. తెర మీద యమున కనిపించింది. వెండిరంగు జాకెట్, చెవులకు వెలిగే హెడ్‌సెట్, ఒళ్లోని ట్యాబ్ మీద కదులుతున్న వేళ్లు, కెమెరా ఎక్కడుందో చూడకుండానే తెలిసిన ముఖం.

“సల్లూ, ఇగ డిస్కులు ఉండయట గద. అన్నీ డౌన్‌లోడేనట.”

“అవ్. పైసలిచ్చి కొన్నా ఆట మనది కాదు. వాళ్లు సర్వర్ బంద్ చేస్తె అయిపోయింది.” చాయ్ గుక్క. “మడత ఫోన్ సంగతి చూసినవా? రెండుసార్లు మడిస్తె రేటు కూడా రెండింతలు.”

కెఫేలో జనం నవ్వారు. రసూల్ బీ చేతిలో పుదీనా ఆగిపోయింది.

“మల్ల పెట్టు,” అంది.

“లైవ్ అమ్మీ, వెనక్కి రాదు.”

ఆమె ఎదురుచూసింది. కాసేపటికి ఇంకో గుక్క వినిపించింది. ఆమె మొబైల్ వైపు కాకుండా పరశురాం చేతిలోని గ్లాసు వైపు చూసింది.

“రోజా ఉన్నోడు పగటిపూట చాయ్ తాగుతడా? వీడు నా కొడుకు కాదు.”

పరశురాం రికార్డర్ పట్టిన గీతలను తెర మీదకు తెచ్చాడు. గుక్కలన్నింటినీ వరుసగా పెట్టి చూశాడు. ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. ఏ మనిషీ రెండుసార్లు అంత సరిగ్గా ఒకేలా చాయ్ తాగడు. పాత కార్యక్రమాలన్నీ వినిపించి యంత్రానికి గొంతు నేర్పారు. గొంతుతో పాటు అది గుక్కను కూడా నేర్చుకుంది. నెల మారిందని దానికి తెలియదు.

మనిషి ప్రాణంతో చేతిలో ఉంటే యంత్రంతో పని లేదు.

అతను సునందకు ఫోన్ చేశాడు. “మేడమ్, విల్లాల ఎవ్వరు ఉండరు. అది యంత్రం గొంతు. యమున చేతిల ఉన్న ట్యాబ్‌ల నుంచి వస్తున్నది.”

సునంద విల్లా దగ్గరి టీంను వెనక్కి మళ్లమని అరిచింది. “మేం వచ్చేసరికి ప్రోగ్రాం అయిపోతది. దగ్గర ఉన్నది నువ్వే. మరి సలాహుద్దీన్?”

పరశురాం రసూల్ బీ ముందు ఆ మాట అనవలసి వచ్చింది. “మన మనిషే మేడమ్. చివరి దాంక.”

ఫోన్ పెట్టేసి లేచాడు. రసూల్ బీ కూడా లేచి నిలబడింది. చేతిలోని పుదీనా కింద పడింది.

“చివరి దాంక అంటే ఏందిరా?”

“వచ్చి చెప్త అమ్మీ.”

*

బస్టాండు దగ్గరి కెఫే కిక్కిరిసి ఉంది. ఎక్కువ మంది ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలే. గోడ నిండా తెరలు. స్టేజీ మీద యమున ఒక చేత్తో మైకు పట్టుకుని, ఇంకో చేత్తో ఒళ్లోని ట్యాబ్ మీద టైప్ చేస్తోంది. అభిమానులకు జవాబులిస్తోందని అందరూ అనుకుంటున్నారు. ఆమె వేళ్లు ఆగిన మరుక్షణం స్పీకర్లలో సలాహుద్దీన్ మాట్లాడుతున్నాడు.

పరశురాం మెయిన్ స్విచ్ పక్కనే నిలబడ్డాడు. చెయ్యి వేశాడు. తీసేశాడు. ఇక్కడ గొంతు ఆపితే, రేపు అదే గొంతు ఆ మనిషికి నేరుగా ఫోన్ చేస్తుంది. ఆపితే చాలదు. దాని మీద నమ్మకం పోవాలి, అదీ ఆ మనిషి వింటుండగానే.

“ఆఖరి వార్త,” అంది యమున. “మీరందరు ఎదురుచూస్తున్నది. సల్లూ, కాపర్ మాన్‌సూన్ సంగతి చెప్పు ఇగ.”

పిల్లలు ఈలలు వేశారు. పరశురాం పక్కవాడి చేతిలోంచి ప్రేక్షకుల మైకు తీసుకున్నాడు.

“భాయ్, ఒక్క మాట. ఇయ్యాల రోజా ఉన్నవా?”

యమున నవ్వు చెదరలేదు. ఆ కొరియర్ చొక్కాను ఒకసారి చూసింది. కెమెరాలు తిరుగుతున్నాయి. జవాబు ఇవ్వక తప్పదు. ఆమె వేళ్లు గబగబా కదిలాయి.

“అవ్ అన్నా, రోజా ఉన్న.” చాయ్ గుక్క. “అల్లా దయ.”

మొదట ఎవరో ఒక్కరే నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ముందు వరసలో ఒక పిల్లవాడు లేచాడు. “అరే, గిది ఏఐ గొంతురా. చాయ్ కూడా కాపీ పేస్టే.” నవ్వు ఆగింది. తెర మీద లైవ్ కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. సల్లూ భాయ్ ఎక్కడ? అసలు మనిషి ఎక్కడ?

యమున తల ఎత్తకుండా ఇంకో బటన్ నొక్కింది.

“కాపర్ మాన్‌సూన్ వచ్చేసింది,” అన్నాడు సలాహుద్దీన్.

ఎవరూ ఈల వేయలేదు.

సునంద జీపు వచ్చేదాకా యమున స్టేజీ మీదే కూర్చుంది. పారిపోవాలని చూడలేదు. హెడ్‌సెట్ తీసి జుట్టు సవరించుకుంది.

“మంచి ప్రశ్న అడిగినవ్. పండుగలు, పబ్బాలు నాకు గుర్తుండయ్.”

“వాడు ఎక్కడున్నడు?”

“నాకు గొంతు ఇచ్చిన్రు, చెప్పించాల్సిన మాట ఇచ్చిన్రు. మనిషిని ఇయ్యలె.” హెడ్‌సెట్ పక్కన పెట్టి ఆమె అంది, “వాని పక్కన కూసొని రెండేండ్లు మాట్లాడిన, పరశురాం. నాకు తెలిస్తె చెప్పనా?”

చెబుతుందో లేదో అతనికి తెలియదు. ఆమె కళ్లలో ఏముందో చదవడం యూనిట్‌లో ఎవరికీ ఎప్పుడూ చేతకాలేదు.

*

రోజా విడిచే వేళకు అతను రసూల్ బీ ఇంటికి తిరిగి వెళ్లాడు. ఆమె రెండు పళ్లేల్లో ఖర్జూరాలు పెట్టుకుని కూర్చుంది. అతను చెప్పింది మొత్తం మధ్యలో ఆపకుండా విన్నది. అజాన్ వినిపించాక ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, చాలాసేపటికి మింగింది.

“మట్టి ఎప్పుడు చేస్తరు?”

“మనిషి దొరకాలె అమ్మీ.”

“ఆ మిషన్ల వాడు ఇంక మాట్లాడుతడా?”

“మాట్లాడుతది. వాడు కాదు అది.”

“అది నాకు చెప్తున్నవా? నేను గద నీకు చెప్పింది,” అంది రసూల్ బీ. రెండో పళ్లెం అతని ముందుకు జరిపింది.

సోమవారం పొద్దున కొరియర్ ఆఫీసు కౌంటర్ దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. పేరు దానియేలు అన్నాడు. రాడార్ ఫ్యాక్టరీ ఐడీ కార్డు మెడలోనే ఉంది. ఒక గేమ్ డిస్కు డబ్బా బల్ల మీద పెట్టాడు. లోపల డిస్కు లేదు. మెమరీ కార్డు ఉంది.

“నాకేమన్న అయితె గీ ఆఫీసుల ఇయ్యుమన్నడు సల్లూ భాయ్. ప్రోగ్రాంల గొంతు వినబడుతున్నంత సేపు మంచిగనే ఉన్నడనుకున్న.” దానియేలు డబ్బా మీద నుంచి చెయ్యి తీయలేదు. “డౌన్‌లోడ్‌లు నమ్మకపోయేది ఆయన. చేతిల పట్టుకునేది ఒకటి ఉండాలె అంటుండె.”

యమున ట్యాబ్‌లో దొరికిన నంబర్ల వెంట వెళ్లి, పెద్ద అంబర్‌పేట్‌లో కార్డు కోసం కాచుకుని ఉన్న ఇద్దరిని పట్టుకున్నారు. సలాహుద్దీన్ గురించి ఇద్దరూ వేర్వేరు చోట్లు చెప్పారు. రెండు చోట్లా తవ్వారు. రెండు చోట్లా రాళ్లే వచ్చాయి. సునంద అతని ఫైలులో ద్రోహి అన్న మాట కొట్టేసింది. దాని బదులు ఏం రాయాలో ఆమెకు తోచలేదు. ఆ గడి ఖాళీగా ఉంది.

శరీరం లేకుండా జనాజా నమాజు, అంత్యక్రియల ప్రార్థన, చేయించలేనని ఇమాం సాబ్ రసూల్ బీకి చెప్పాడు. ఆమె వాదించలేదు. పరశురాం ప్రతి శుక్రవారం వెళ్తున్నాడు. ఆమె చాయ్ పెడుతుంది. దొరికిందా అని అడగడం మానేసింది.

ఎండాకాలం చివర్లో కాపర్ మాన్‌సూన్ నిజంగానే విడుదలైంది. బాగుందని అందరూ అన్నారు.

సలాహుద్దీన్ జనాజా నమాజు ఇంకా జరగలేదు.