మాడిన గ్లిజరిన్

అంబదాస్ ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పేలోపే అతని మెడలో కత్తి దిగింది. సిరిసిల్ల శివారులో నూలుకు గంజి పట్టించే ఓ సైజింగ్ యూనిట్‌లో అతను బాయిలర్ ఆపరేటర్. మన గూఢచార ఏజెన్సీకి ఇన్‌ఫార్మర్ కూడా. అవతలి వైపు ఏజెంట్ తన్వీర్ అంతా విన్నాడు.

"ఇయ్యాల్నే జేస్తుండ్రు సార్. మా నర్మద పక్క షెడ్డులనే ఉన్నది..."

నర్మద అతని భార్య. ఆ తర్వాత వినిపించింది నెత్తుటి గురక ఒక్కటే. తన్వీర్ ఎన్నో చావులు చూసినవాడే. అయినా ఫోన్ పెట్టేయడానికి చెయ్యి రాలేదు.

కరీంనగర్‌లో ఓ హార్డ్‌వేర్ షాపు మేడ మీద చీఫ్ పద్మలత బ్రీఫింగ్ ఇచ్చింది. సబ్జెక్ట్ గ్లిజరిన్. సబ్బుల్లో, దగ్గు మందులో ఉండే తియ్యటి ద్రవం. పోగు మెత్తగా ఉండాలని నూలు గంజిలోనూ కలుపుతారు కాబట్టి మగ్గాల ఊరికి ఎన్ని డ్రమ్ములొచ్చినా ఏ చెక్‌పోస్టూ ఆపదు. నీళ్లన్నీ ఆవిరయ్యాక కూడా మంట ఆపకపోతే మాత్రం, మూడు వందల డిగ్రీల దరిదాపుల్లో అది విరిగిపోయి అక్రోలిన్ అనే విషవాయువు పుడుతుంది. బజ్జీల బండి దగ్గర నూనె మాడితే కళ్లు మండించే ఘాటు అదే. చిక్కగా తగిలితే ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది.

అంబదాస్ పనిచేసే యూనిట్‌ను గుప్పిట్లో పెట్టుకున్న రిక్టర్ అనే విదేశీయుడు ఆ పొగను ఆయుధంగా అమ్మబోతున్నాడు. డెమోకి ఎంచుకున్నది ఆ యూనిట్ పక్కనున్న పవర్‌లూమ్ షెడ్డును. లోపల మనుషులు చస్తుంటే కొనేవాళ్లు ఏ దేశంలోనో కూర్చుని కెమెరాలో చూస్తారట. తన్వీర్‌కు ఒళ్లు మండిపోయింది. రెయిడ్ చేద్దామన్నాడు.

"జీపు కనిపిస్తే చాలు, పొగను షెడ్డులోకి వదిలే వాల్వ్ తిప్పేస్తాడు," అంది పద్మలత. "లోపల మన మనిషి మమతారాణి ఉంది. కానీ ఆమె ఎవరి మనిషో ఈ మధ్య నాకే డౌట్."

తన్వీర్ ఎలక్ట్రీషియన్ వేషంలో సైజింగ్ యూనిట్ గేటు దాటాడు. జేబులో టెస్టర్ ఉంది. అక్రోలిన్ తగిలితే దాని బల్బు ఎర్రగా వెలుగుతుంది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో బొంబాయి బట్టల వ్యాపారిలా మమతారాణి ఎదురొచ్చింది.

"ఈ చీర రంగు దిగుతదా?" కోడ్ అడిగాడు.

"మూడు ఉతుకుల దాకా దిగదు."

జవాబు సరిగ్గా చెప్పి, నవ్వి, అతని పక్కటెముకల్లో పిస్టల్ గుచ్చింది.

ఆమె అతన్ని నెట్టుకెళ్లిన బాయిలర్ రూమ్‌లో రిక్టర్, ఇద్దరు గార్డులు ఉన్నారు. అంబదాస్ శవం గోనెసంచుల పక్కనే ఉంది. పెద్ద తొట్టిలో గ్లిజరిన్ కుతకుతలాడుతోంది. అద్దం అవతల షెడ్డులో మగ్గాలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. తేమ పోతే పోగు తెగుతుందని కిటికీలన్నీ మూసేశారు. నర్మద వంగి తెగిన దారం అతుకుతోంది. భర్త పోయిన సంగతి ఆమెకు తెలియదు.

తలుపులకు తాళం వేయాల్సిన పని కూడా లేదని రిక్టర్ ఇంగ్లిష్‌లో గొప్పలు పోయాడు. మీటరు లెక్కన కూలి తీసుకునేవాళ్లు నడిచే మగ్గాన్ని వదిలి పోరట.

తన్వీర్ మోచేత్తో మమతారాణిని గుద్ది, అడ్డొచ్చిన గార్డు ముక్కు పగలగొట్టాడు. వాడి చెయ్యి తొట్టి అంచుకు తగిలి చర్మం ఊడొచ్చింది. రెండోవాడు కత్తిని తన్వీర్ భుజంలో పిడి దాకా దించాడు. వాడి తలను గోడకేసి రెండుసార్లు కొట్టాక గానీ పట్టు వదల్లేదు. వాల్వ్ దూరంగా ఉంది. చేతికందింది గోడకున్న షెడ్డు మెయిన్ స్విచ్. లాగేశాడు.

రిక్టర్ పగలబడి నవ్వాడు. హీటర్‌కు, కెమెరాకు సొంత జనరేటర్ ఉంది. తాపీగా వాల్వ్ తిప్పాడు.

అవతల మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఈ ఊళ్లో కరెంటు పోతే ఏం చేయాలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. "పా, చాయ తాగొద్దాం," అని ఓ ముసలాయన లేచాడు. నడుములు సవరించుకుంటూ, బీడీలు తీసుకుంటూ అందరూ ఎండలోకి నడిచారు. కెమెరా స్క్రీన్ మీద ఖాళీ మగ్గాలు మిగిలాయి.

పొగను షెడ్డులోకి నెట్టాల్సిన బ్లోయర్ కూడా అదే మెయిన్ మీద ఉంది. అది ఆగడంతో పొగ వెనక్కి తన్నింది. టెస్టర్ ఎర్రబడింది. వాల్వ్ వైపు ఉరికిన రిక్టర్ మోకాలిని మమతారాణి తూటా పగలగొట్టింది.

"పిస్టల్ పెట్టింది వాళ్లను నమ్మించెటందుకే. నన్ను గుద్దకుండ ఉంటే ముందే కాల్చేదాన్ని," అంటూ పమిట ముక్కుకు అదిమి తన్వీర్‌ను బయటికి ఈడ్చి తలుపు మూసింది. లోపల రిక్టర్ దగ్గు అరుపై, అరుపు తలుపు మీద గోళ్ల గీరుడై ఆగిపోయింది. ఆమె వెళ్లి జనరేటర్ ఆపింది.

తన్వీర్ భుజానికి గుడ్డ కట్టి, పైన తువ్వాలు కప్పుకుని చాయ దుకాణం దగ్గరికి వెళ్లాడు. నర్మద అతని టూల్ బ్యాగ్ చూసి లేచింది.

"కరెంటు ఎప్పుడొస్తదన్నా? మా ఆయన ఫోను ఎత్తుతలేడు, జర లోపట ఉన్నడేమో చూసినవా?"

కత్తిపోటు కంటే ఆ ప్రశ్నే ఎక్కువ నొప్పి పెట్టింది.

"కూసో అక్కా," అన్నాడు తన్వీర్. చెప్పాడు. ఆమె చేతిలోని గ్లాసు జారిపోయింది. వంగి దాన్ని తీసి పక్కన పెట్టి అడిగింది, "గా చంపినోడు?"

"సచ్చిండు."

సాయంత్రం చీఫ్ ఫోన్ చేసి, ఊళ్లో ఎవరికైనా అనుమానం వచ్చిందా అని అడిగింది.

"లేదు మేడమ్, ఒక్క నర్మదకే తెలుసు. అందరూ కూడి కరెంటోళ్లను తిడుతుండ్రు," అన్నాడు తన్వీర్. "తిట్టెటందుకు అందరున్నరు, ఒక్క అంబదాస్ తప్ప."