ఓకే సార్ ముట్టుకోని డబ్బా

వెనక బూట్ల చప్పుడు!

ఆమె ఇనుప తలుపు తోసుకుని టెస్ట్ ఛాంబర్‌లో పడింది. గోడలనిండా నల్ల స్పాంజి ముళ్ళు. యంత్రాలు చేసే రేడియో గోలని కొలిచే గది.

వేరే దారి లేదు. చచ్చింది గొర్రె!

ఇక మిగిలింది ఒకటే పని. చంకలో ఉన్న ఇంటర్నెట్ డబ్బాని టేబుల్ మీద పెట్టి ప్లగ్ గుచ్చింది. పచ్చ లైటు. డబ్బా నుంచి ఫోన్ వైరు వేలాడుతోంది.

ఇలాంటి డబ్బా వైరే గుచ్చబోయి, షాక్ కొట్టి బావ పోయాడు. నెల కాలేదు. బిగుసుకున్న వేళ్ళని అక్కే విడదీసింది.

టెస్టుకి కంపెనీ ఆమె ల్యాబ్‌కి పంపిన డబ్బాలో కరెంటుకీ ఫోన్ వైరుకీ మధ్య అడ్డుకట్ట ఉంది. షాపులో ఆమె కొన్న దీంట్లో లేదు. దాని చోట... ఒక వైరుముక్క!

తలుపు తెరుచుకుంది.

ముందు ల్యాబ్ హెడ్. ఏది తెచ్చినా ముద్ర గుద్దుతాడని అందరూ 'ఓకే సార్' అంటారు. వెనక తోలు జాకెట్. కంపెనీ మనిషి. చేతిలో పిస్టల్.

ఓకే సార్ తలుపు మూసి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"డబ్బా ఇచ్చెయ్యమ్మా. మీ అక్కకి ఏదో ఒకటి చూస్తాం."

శవం మీద పేలాలు ఏరుకునే మొహం!

"అదిగో సార్. ఆ వైరు పట్టుకుని లాక్కోండి."

ఓకే సార్ కదల్లేదు. రెండు చేతులూ వీపు వెనక్కి వెళ్ళాయి.

"నువ్వు తియ్యవయ్యా," అన్నాడు తోలు జాకెట్‌తో.

అతను చెయ్యి చాచాడు.

"అన్నా, ఆగు! ముందు ఆయన్ని ముట్టుకోమను!"

చెయ్యి గాల్లోనే ఆగింది. అతను ఓకే సార్ వైపు తిరిగాడు.

"ముట్టుకోండి సార్."

"నాకెందుకయ్యా..."

"ముట్టుకోండి!"

ఓకే సార్ నుదుటి మీద చెమట.

"ప్లగ్... ముందు ప్లగ్ పీకాలి..."

తోలు జాకెట్ మొహం పాలిపోయింది.

"ఇదే డబ్బా మా ఇంట్లో ఉంది. కంపెనీ వాళ్ళే ఊరికే ఇచ్చారు. ఆ వైరు మాటిమాటికీ ఊడుతుంది. మా పాపే గుచ్చుతుంది..."

సెల్ తీశాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"సిగ్నల్ లేదేంటి?"

"ఈ ఇనుప గదిలోకి రాదన్నా. బయటికెళ్ళాలి!"

"తాళం తియ్!"

"ముందు డబ్బా పగలగొట్టు. తర్వాతే తాళం," ఓకే సార్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మా పాప..."

"అందరికీ అవుతుందా ఏంటి? వెయ్యిలో ఒకరికి! ఆ మాత్రం ఏ కంపెనీకైనా ఉంటుందయ్యా!"

థూ! ఆమె నేల మీద ఉమ్మేసింది.

ఢాం!!

స్పాంజి గోడలు ఆ చప్పుడుని మింగేశాయి. ఓకే సార్ తలుపు మీదుగా కిందికి జారాడు.

తోలు జాకెట్ అతని జేబులోంచి తాళంచెవి లాగాడు. ఒంటిని పక్కకి లాగి తలుపు తీశాడు. దాటాడు. సెల్ చెవిన పెట్టుకుని కారిడార్‌లో పరిగెడుతున్నాడు.

"ఎత్తవే... పాపని ఆ వైరు ముట్టుకోవద్దను... ఎత్తవే!"

అవతల రింగవుతూనే ఉంది.