గురువారం వచ్చే డాక్టర్

తాజుద్దీన్ తెల్ల అంగీకి బిల్కిస్ నల్లదారంతో గుండీ కుట్టింది. సోమవారం పొద్దున ఏడు కాకముందే ఎల్లారెడ్డిలోని ఆ చిన్న ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది.

“ఇదేంది బిల్కిస్? తెల్ల అంగీకి నల్లదారమా? గిట్ల పోతే ఎయిర్‌పోర్టుల నలుగురు నవ్వరా?”

“తెల్లదే అనుకున్న.”

“అనుకునుడేంది? కండ్లు కనిపిస్తలేవా నీకు?”

నిజంగానే కనిపించడం లేదు. ఆ మాట బిల్కిస్ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎనిమిది నెలల కిందట పక్కింటి మంగవ్వ చెయ్యి పట్టుకుని తీసుకుపోతే రక్తపరీక్ష చేయించుకుంది, షుగర్ అని తేలింది. మొదట దాచాలని దాచలేదు. ఆయన ఇంట్లో తీరిగ్గా కూర్చున్న పూట చెబుదామనుకుంది. ఆ పూట రాలేదు. గోలీలు గసగసాల డబ్బాలో పెట్టుకుని మింగుతూ ఉంది. పోయిన నెల నుంచి కళ్ల ముందు నల్లటి నూలుపోగులు తేలడం మొదలైంది. కామారెడ్డిలో కంటి డాక్టర్ చూసి, “లోపల నరాల్లోంచి రక్తం కారుతోందమ్మా, ఈ గురువారం లేజర్ పెడతాను. ఆలస్యమైతే చూపు పోతుంది. ఒక్కదానివే రావద్దు, ఇంటాయన్ని తీసుకురా” అన్నాడు. ఆ డాక్టర్ హైదరాబాద్ నుంచి గురువారాలు మాత్రమే వస్తాడు.

ఇంటాయనేమో దారం సంగతి అంతటితో వదిలేసి, పెద్ద అట్ట ముందేసుకుని నేలమీద కూర్చున్నాడు. కామారెడ్డి అవతలి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌కు ఆయన సీనియర్ అసిస్టెంట్. బయటి దేశాల నుంచి పాఠాలు చెప్పడానికి ఎవరొచ్చినా పదకొండేళ్లుగా ఆయన చేతుల మీదుగానే. జర్మనీ ఆయన చాయ్‌లో పాలు పోయించుకోడు. జపాన్ ఆవిడకు మెత్తటి పరుపు పడదు. ఎవరికి ఏ మందు పడదో, ఎవరు ఎన్నింటికి లేస్తారో అన్నీ ఆయనకు నోటికొచ్చు. “తాజుద్దీన్ ఉంటే గెస్టుకు సొంత ఇల్లు గుర్తుకు రాదు” అంటుంది డిపార్ట్‌మెంట్ హెడ్ అనిల మేడమ్. తాజుద్దీన్‌కు కూడా గుర్తుకు రాదని ఆవిడ అనలేదు, నేనంటున్నాను.

ఆయన లావుపాటి స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతున్నాడు. ఆయన రాత అచ్చు వేసినట్టు ఉంటుంది.

“ఎవరి పేరది?” అడిగింది బిల్కిస్.

“డాక్టర్ గ్లోరీ. కెన్యా నుంచి వస్తున్నది. బయటికొచ్చే జనంల మనల్ని గుర్తుపట్టాలె కదా.”

“గింత పెద్దగ రాసిండ్రు. నా పేరు ఎన్నడన్న గిట్ల రాసిండ్రా?”

“నీ పేరు రాసుడెందుకు? నువ్వేమన్న తప్పిపోతవా?” అంటూ నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. ఆయన నవ్వినప్పుడే చెప్పాలనుకుని గబగబా మొదలుపెట్టింది. “ఇగో, వింటున్నరా? గురువారం నాడు డాక్టర్…”

“అరె, నీకెట్ల ఎరికైంది? మేడమ్ నాకు నిన్ననే చెప్పింది!” తాజుద్దీన్ మొహం వెలిగిపోయింది. “డాక్టర్ గురువారం మనింటికే. పని కోసం దేశం దాటిపోయినోళ్ల ఇండ్లు ఎనక ఎట్ల నడుస్తయో, గదే ఆమె చదువు. మన ఫరాజ్ దమ్మాంల ఉన్నడు కదా, మీ ఇల్లే చూపెడుదాం తాజుద్దీన్ అన్నది మేడమ్. బగారన్నం, దాల్చా చెయ్యి. సంబురం కాదా ఏంది?”

“నేను చెప్పేది…”

“సాయంత్రం ఫోన్ చేస్త, చెప్పు.” అట్టను సంచిలో పెట్టుకుని, నల్లదారం గుండీ మీద టవల్ కప్పుకుని, కామారెడ్డి బస్సుకు ఉరికాడు.

గోడ అవతల బీడీలు చుట్టుకుంటున్న మంగవ్వకు అన్నీ వినపడ్డాయి. చేట పక్కన పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“చెప్పినవా బిల్కిసక్కా?”

“చెప్పిన. డాక్టర్ మనింటికే వస్తున్నదన్నడు.”

“ఓ అవ్వ! గిదేం మనిషే!” మంగవ్వ నోటిమీద చెయ్యేసుకుంది. “మరి ఇగ నేనొస్త తియ్యి. ఒక్కరోజు బీడీలు చుట్టకపోతే కొంపలేం మునగయ్.”

“నువ్వొస్తవని తెల్వదా మంగవ్వా? పరీక్షకు నువ్వే వస్తివి, గోలీలకు నువ్వే వస్తివి. గని కంటికి ఆయన రావాలె. ముప్పై ఏండ్లాయె నన్ను చేసుకుని. చూపు పోతదన్నప్పుడైనా పక్కన ఉండాలె కదా.”

ఆ మాట అంటూ ఏడుస్తుందేమో అనుకుంది మంగవ్వ. ఏడవలేదు. బియ్యంలో రాళ్లు ఏరడానికి కూర్చుంది. కానీ రాయేదో గింజేదో తెలియక వేళ్లతో తడుముతూ ఉంటే, మంగవ్వే చేట లాక్కుంది.

మంగళవారం, బుధవారం ఇల్లు ఎప్పటిలాగే ఉంది. గెస్టులున్నన్ని రోజులు తాజుద్దీన్ క్యాంపస్‌లోనే పడుకుంటాడు. కొడుకు ఫరాజ్ సౌదీ నుంచి శుక్రవారం నమాజ్ అయ్యాక ఫోన్ చేస్తాడు, అది కూడా ఐదు నిమిషాలు. బిల్కిస్ చూడకపోయినా టీవీ పెట్టుకుంటుంది, ఇంట్లో మనిషి గొంతు వినపడాలని. అలవాటుకొద్దీ రెండు పళ్లాలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెడుతుంది. సాయంత్రం కామారెడ్డి బస్సు హారన్ వినిపిస్తే గుమ్మం దాకా వెళ్లి వస్తుంది. ఆయన రాడని తెలుసు. అయినా వెళ్తుంది. సోమవారం సాయంత్రం వస్తుందనుకున్న ఫోన్ బుధవారం మధ్యాహ్నం వచ్చింది, దాల్చాలో కారం తగ్గించమని చెప్పడానికి.

గురువారం పన్నెండున్నరకు యూనివర్సిటీ కారు గల్లీ మొదట్లో ఆగింది. గ్లోరీకి నలభై ఏళ్లుంటాయి, పొడుగు మనిషి. గడప దాటుతూనే చెప్పులు విడిచి, నేర్చుకొచ్చినట్టుంది, “సలామ్, అమ్మా” అంది. అనిల మేడమ్ తర్జుమా చేస్తోంది. తాజుద్దీన్ మాత్రం సొంతింట్లో కూడా గెస్ట్‌హౌస్‌లో ఉన్నట్టే ఉన్నాడు. నీళ్ల సీసా పట్టుకుని నిలబడే ఉన్నాడు. చాప మీద ఒక్కసారి కూర్చోలేదు.

“ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారని అడుగుతున్నారు” అంది అనిల మేడమ్.

“ఇద్దరం మేడమ్, నేను, నా భార్య” అన్నాడు తాజుద్దీన్.

“ఒక్కదాన్నే” అంది బిల్కిస్ అదే క్షణంలో.

అనిల మేడమ్ ఇద్దరివైపూ చూసింది. ఏది తర్జుమా చేయాలో ఆమెకు తోచలేదు. తాజుద్దీన్ నవ్వేసి, “గట్లనే అంటది మేడమ్, తమాషాకు” అని దాల్చా గిన్నె ముందుకు జరిపాడు.

భోజనమంతా మంచిగానే సాగింది. గ్లోరీ రెండుసార్లు దాల్చా వేయించుకుంది, ఇంకాస్త కారం ఉన్నా తినేదాన్నేనంది. చివర బిల్కిస్ చాయ్ తెచ్చి పెట్టి లేవబోతుంటే గ్లోరీ ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వండినావిడకు చాయ్ మరొకరు కలిపి ఇవ్వాలనేది తన తల్లి అలవాటట. తానే కప్పు తీసుకుంది. చెంచాతో చక్కెర తీసి, కప్పు మీద పట్టుకుని, బిల్కిస్ మొహంలోకి చూస్తూ అడిగింది.

“షుగర్?”

కళ్ల మసకలో బిల్కిస్‌కు చెంచా కనిపించలేదు. తనవైపు వంగిన ఒక మొహం, అందులో జాలి ఉన్నట్టు తోచిన రెండు కళ్లు మాత్రం కనిపించాయి. ఇంత దూరం నుంచి వచ్చిన డాక్టరమ్మ ఒక్క చూపులో తన రోగం కనిపెట్టిందనుకుంది. ఎనిమిది నెలలుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

“ఉంది బేటీ. ఎనిమిది నెలలాయె. ఇప్పుడు కండ్లల్లకొచ్చింది. ఇయ్యాల లేజర్ పెట్టేదుండె. ఇంటాయన తోడు లేక పోలే.”

గ్లోరీ చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. అనిల మేడమ్ తర్జుమా చేయడం మర్చిపోయింది. తాజుద్దీన్ సీసా కింద పెట్టి, “జర ఇటు రా” అని వంటింట్లోకి నడిచాడు.

“ఎనిమిది నెలలా? నాకొక్క మాట చెప్పొద్దా? బయటోళ్ల ముంగట నా ఇజ్జత్ తీసినవ్!”

“చెప్పిన.”

“ఎప్పుడు చెప్పినవ్?”

“రంజాన్ల చెప్పబోయిన. జర్మనీ ఆయనకు కడుపు చెడ్డదని ఉరికిండ్రు. బక్రీదుకు చెప్పబోయిన, చెవుల ఫోన్ తియ్యకపోతిరి. మొన్న సోమవారం ‘గురువారం నాడు డాక్టర్’ అన్న. డాక్టర్ మనింటికే వస్తున్నదంటిరి. బయటి మనిషంటున్నరు. గా బయటి మనిషే కదా అడిగింది? మొకంల మొకం పెట్టి, షుగరా అమ్మా అని అడిగింది. ఇంట్ల మనిషి ఎన్నడన్న అడిగిండా?”

“అరే, ఆమె అడిగింది నీ రోగం కాదు! చాయ్‌ల చక్కెర ఎయ్యాల్నా అని అడిగింది! చేతుల చెంచా ఉండె కదా!”

బిల్కిస్ బిత్తరపోయింది. కొద్దిసేపటికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“చెంచా కనిపియ్యలే నాకు” అంది.

తాజుద్దీన్ తల దించుకున్నాడు. ఇవాళ కూడా ఆ తెల్ల అంగీయే వేసుకున్నాడు. గుండీ దగ్గర నల్లదారం కనిపించింది. తెల్లదే అనుకున్న అని సోమవారం ఆమె అన్న మాట గుర్తొచ్చింది. దానికి తానేమన్నాడో కూడా గుర్తొచ్చింది. ఏ దేశపాయనకు కళ్లజోడు నంబరెంతో చెప్పగలడు తాను. కట్టుకున్న మనిషికి కళ్లు మసకబారితే తనకు తెలియలేదు. ఆ సిగ్గుతోనే తలెత్తి ఆమెను అడిగాడు.

“ఎన్ని గంటల దాక ఉంటడు డాక్టర్?”

“నాలుగు దాక.”

గడియారం రెండుంబావు చూపిస్తోంది. ఆయన ముందుగదిలోకి వచ్చాడు.

“మేడమ్, నాకు కారు కావాలె. గెస్టును చూసుకునుడు ఇయ్యాల నాతోని కాదు. రేపు గూడ రాను, మాఫ్ చెయ్యండి.”

పదకొండేళ్లలో తాజుద్దీన్ నోట “నాతోని కాదు” అనే మాట అనిల మేడమ్ వినలేదు. ఆమె గ్లోరీకి నాలుగు ముక్కల్లో చెప్పింది. గ్లోరీ తన శాలువా తీసి బిల్కిస్ భుజాల మీద కప్పింది. “వెళ్లండి, నేనెక్కడికీ పోను” అందట. ఈలోగా గోడ అవతలి నుంచి మంగవ్వ దిగబడింది.

“కెన్యా బిడ్డను నేను జూస్తగని, మీరు పోయిరాండ్రి సాబ్. కారు మల్లొచ్చేదాక బీడీలు చుట్టుడు నేర్పిస్త. అక్కా, గోలీల డబ్బా పెట్టుకున్నవా?”

కారు లింగంపేట దాటింది. తర్వాత తాజుద్దీన్, “గోలీలు పొద్దున ఏస్కుంటవా, రాత్రా?” అని అడిగాడు. చెప్పింది. “చాయ్?” అన్నాడు. “చక్కెర ఏస్కోకుండనే తాగుతున్న. మీకు ఏసి ఇస్తున్న” అంది.

ఆసుపత్రికి చేరేసరికి మూడుంబావు దాటింది. డాక్టర్ ఇంకా ఉన్నాడు. కళ్లలో చుక్కలేశారు. కాగితం మీద ఇంటాయన సంతకం చేశాడు. ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు.

చీకటిగదిలో గడ్డం ఆనించి కూర్చున్న బిల్కిస్‌కు భయం వేసింది. పచ్చటి వెలుగు పొడిచినప్పుడల్లా బయట ఆయన ఉన్నాడో లేదో అనుకుంది. ఈపాటికి ఫోన్ వచ్చే ఉంటుంది, పోయే ఉంటాడు అనుకుంది. పోయినా తప్పు పట్టకూడదని కూడా అనుకుంది. అరగంట తర్వాత నర్సు ఆమెను వరండాలోకి తెచ్చి, “వచ్చే గురువారం రెండో కంటికి రావాలమ్మా” అని చెప్పి వెళ్లిపోయింది.

లోకమంతా పాలు కలిపినట్టుంది. చుట్టూ మనుషులు కదులుతున్నారు, ఒక్కరి మొహమూ తెలియడం లేదు. బిల్కిస్ గోడ పట్టుకుని నిలబడింది. ఎదురుగా ఏదో తెల్లగా, పలకంత, ఎత్తుగా కనిపిస్తోంది. అందరూ కదులుతున్నా అది మాత్రం కదలడం లేదు.

“బిల్కిస్. ఈడున్న.”

ఆమె చేతులు చాపుకుంటూ వెళ్లింది. వేళ్లకు అట్ట తగిలింది. కొత్త సిరా వాసన వచ్చింది.

“ఏందిది?”

“కారుల ఉండె, ఆమె పేరు రాసిన అట్ట. ఎనక దిక్కు నీ పేరు రాసిన.”

“నా పేరెందుకు? నేనేమన్న తప్పిపోతనా?”

జనం చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకున్నాడు తాజుద్దీన్.

“నువ్వు కాదు, నేనే తప్పిపోయిన. గుర్తుపడతవో లేదో అని పట్టుకుని నిలవడ్డ.”

బిల్కిస్ కళ్లనుంచి నీళ్లు కారాయి, మందో ఏడుపో ఆమెకే తెలియలేదు. మెల్లగా అడిగింది.

“కనిపిస్తలేదు. ఎంత పెద్దగ రాసిండ్రు?”

ఆయన ఆమె చూపుడువేలు పట్టుకుని అట్టమీద ఉర్దూ అక్షరాల వెంట కుడి నుంచి ఎడమకు నడిపించాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా, అట్ట నిండా ఆమె పేరే ఉంది.