శత్రువు నోట వస్తేనే నిజం

"కొండ మీదున్నది మనవాళ్ళే సార్! శత్రువులు కాదు!"

ఏజెంట్ ఎంత గట్టిగా అరిచినా కల్నల్ చేతిలోని కాఫీ తొణకలేదు.

"భోజనాలవగానే ఫిరంగులు పేలతాయి. కొండ మీద శత్రువులున్నారని సెంటు మేడమ్ చెప్పింది. ఆర్డర్ వెళ్ళిపోయింది."

సెంటు మేడమ్ డబుల్ ఏజెంట్. ఆమె కంటే ముందు ఆమె సెంటు గదిలోకి వస్తుంది. శత్రువుల ముఠా వదిలి వచ్చేశానని కళ్ళు తిప్పుతూ చెప్పింది. హెడ్‌క్వార్టర్స్ మొత్తం నోరు తెరిచి నమ్మింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

"ఆవిడ ఇంకా ఆ ముఠా మనిషే సార్. మన చేత మనవాళ్ళనే చంపించాలని ప్లాను. ఆ కొండ మీద మా తమ్ముడున్నాడు. రేపు మా అమ్మకి ఏ మొహం చూపించను?"

"చూడవయ్యా, శత్రువు వైపు నుంచి వచ్చింది గ్రేడ్ ఏ సమాచారం. వెంటనే యాక్షన్. మన ఏజెంట్లు తెచ్చింది గ్రేడ్ సి. కమిటీకి వెళ్ళాలి. కమిటీ వచ్చే వారం కూర్చుంటుంది."

"ఇదెక్కడి రూలు సార్?"

"జీతం తీసుకునేవాడు ఏదో ఒకటి చెప్పక తప్పదు. శత్రువుకి మన జీతంతో పనేముంది? అబద్ధమెందుకు చెబుతాడు?"

ఛీ! ఈ బుర్రలకి టోపీలొకటి, ఆ టోపీలకి జరీ ఒకటి!

ఏజెంట్ బయటపడ్డాడు. బూటు మడమలో వైర్‌లెస్ ఉంది. దాని బ్యాటరీ మాత్రం ఇంకా మంజూరు కాలేదు. కొండకి కబురు పంపే దారి లేదు. ఇక మిగిలింది ఒక్కటే. మారువేషాల గదిలోకి దూరి శత్రు కెప్టెన్ యూనిఫాం తొడుక్కున్నాడు, పెట్టుడు మీసం అంటించుకున్నాడు, బయటి నుంచి హెడ్‌క్వార్టర్స్ గోడ దూకి లోపల పడ్డాడు.

సెంట్రీ అతని భుజం మీది నక్షత్రాలు చూసి సెల్యూట్ కొట్టాడు.

"ఒరేయ్, నేను శత్రువునిరా! పట్టుకో!"

అలా అరిస్తే గానీ ఆ మహానుభావుడు కదల్లేదు.

ఇంటరాగేషన్‌కి వచ్చింది ఆ కల్నలే. మీసం కింద ఉన్న మనిషిని గుర్తుపడితే ఆయన కల్నల్ ఎందుకవుతాడు?

"నిజం చెప్పు!"

"చచ్చినా చెప్పను."

రెండు చెంపదెబ్బలు పడ్డాయి. వెంటనే చెప్పేస్తే అనుమానం వస్తుందని మూడోది కూడా తిని, అప్పుడు భోరుమన్నాడు ఏజెంట్.

"మేడమ్ మా మనిషే! కొండ మీదున్నది మీవాళ్ళే!"

"గ్రేడ్ ఏ!" కల్నల్ ఫోన్ మీద పడ్డాడు. "ఆపండి! ఫైరింగ్ ఆపండి!"

అవతల గన్నర్ అప్పటికే ఫిరంగి పేల్చే తాడు చేతికి చుట్టుకున్నాడు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే కొండే ఉండేది కాదు. మేడమ్ మాత్రం జనరల్ గారి కారులోనే సరిహద్దు దాటేసింది, దారి పొడవునా సెల్యూట్లు అందుకుంటూ.

ఏజెంట్ ఊపిరి పీల్చుకుని మీసం పీకేశాడు. "సార్, నేను మన ఏజెంట్‌నే."

కల్నల్ మొహం పాలిపోయింది. "మనవాడివా? అయితే ఇది గ్రేడ్ సి కదయ్యా! ఫైరింగ్ ఆపడానికి వీల్లేదు!" ఆయన చెయ్యి మళ్ళీ ఫోన్ మీదికి పోయింది.

తమ్ముడి ప్రాణం ఆ చేతికింద ఉంది. ఏజెంట్ గబగబా మీసం అంటించుకున్నాడు.

"అబద్ధం సార్! నేను శత్రువునే! మా అమ్మ మీద ఒట్టు!"

"అదీ అలా చెప్పు," అన్నాడు కల్నల్, చెమట తుడుచుకుంటూ.

తమ్ముడు బతికాడు. అన్నని శత్రువులకి అప్పగించి, బదులుగా సెంటు మేడమ్‌ని వెనక్కి తెచ్చుకోవాలని హెడ్‌క్వార్టర్స్ ఏకగ్రీవంగా తీర్మానించింది. గ్రేడ్ ఏ సమాచారం ఇచ్చేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా మరి!